మబ్బున్నే లేచే ఊళ్ళో ఎనిమిది రోజులు

"ఏమండీ… మీరు నిద్రపోతున్నారా?"

ఈ ప్రశ్న నన్నడిగింది మా ఇంట్లోవాళ్ళు కాదు. నేను ఇంటర్వ్యూ కోసం వెళ్ళిన ఒక సీనియర్ నటుడు! డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దాయన. తన మొదటి వేషం గురించి, మద్రాసులో బస్సు డబ్బులు లేక నడిచిన రోజుల గురించి కళ్ళు మెరుస్తుండగా చెబుతున్నారు. ఎదురుగా కుర్చీలో, చేతిలో పెన్నుతో, తల వేలాడేసుకుని నేను!

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. లోపలికి కేకేసి, "అమ్మాయ్, వీరికి కాస్త కాఫీ ఇవ్వమ్మా" అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా సినిమా వాళ్ళ ఇళ్ళలో ఎన్ని వందల కాఫీలు తాగానో లెక్క లేదు గానీ, గొంతులో అడ్డుపడిన కాఫీ మాత్రం అదొక్కటే.

ఆ మరుసటి వారమే ఇంకో ఘనకార్యం చేశాను. ఒక సినిమా హీరోయిన్ పేరు ఇంకో సినిమాకి అంటించి రాసేశాను. పుస్తకం అచ్చయి వెళ్ళిపోయింది. పాఠకుల ఉత్తరాలు వచ్చాయి, సవరణ వేసుకున్నాం. ఎడిటరుగారు పిలిచి, "ఏమైందయ్యా నీకు? తారీఖులు కూడా నోటికి చెప్పేవాడివే! ఓ పదిరోజులు ఎక్కడికైనా వెళ్ళిరా. వచ్చేటప్పుడు ఒక మంచి వ్యాసం పట్టుకురా. లేకపోతే…" అన్నారు.

ఆ 'లేకపోతే' తర్వాత ఆయన ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. నాకు 53 ఏళ్ళు. ఈ వయసులో పెన్ను చేజారితే ఇంకెవరిస్తారు?

డాక్టరు పరీక్షలన్నీ చేసి కాగితాలు పక్కన పెట్టేశారు. "మీకు ప్రస్తుతం జబ్బేమీ లేదు. మీ దినచర్యే జబ్బు" అన్నారు. నిజమే మరి! రాత్రి రెండింటిదాకా ఫోను. పొద్దున తొమ్మిదికి బద్ధకంగా లేవడం. రోజుకి ఎనిమిది కాఫీలు. మధ్యాహ్నం మూడింటికి బిర్యానీ. అయిదింటికి కళ్ళు మూతలు. ఆ మూతలు తెరవడానికి మళ్ళీ కాఫీ!

అలాంటి పరిస్థితుల్లో నాకు గుర్తొచ్చిన ఊరు ఉయ్యాలవాడ.

నల్లరేగడి దారి

మా చెల్లెల్ని ఆ ఊరే ఇచ్చాం. పైగా సినిమా పత్రికవాడికి ఆ ఊరి పేరు చెబితే చాలదూ! 'సైరా నరసింహారెడ్డి' 2019 అక్టోబరు 2న విడుదలైనప్పుడు పుంఖానుపుంఖాలుగా రాసినవాణ్ణే. కానీ ఆ నేల మీద నిలబడి రాసింది ఒక్క వాక్యం లేదు. వ్యాసం దొరుకుతుంది, ఒళ్ళూ సర్దుకుంటుంది అనుకున్నాను. ఆళ్ళగడ్డలో బస్సు దిగి కోవెలకుంట్ల వైపు మళ్ళాను. ఇరువైపులా నల్లరేగడి. కనుచూపు మేరా శనగ చేలు. ఆ పచ్చదనం చూస్తుంటే కళ్ళకి ఎవరో చల్లటి గుడ్డ వేసినట్టు అనిపించింది.

రేనాటి గడ్డ గురించి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. నరసింహారెడ్డి పుట్టింది ఇక్కడికి దగ్గరలోని రూపనగుడిలో. తాతల నాటి పాలెగాడితనం పోయి, కుంఫిణీవారు విదిల్చే తవర్జీ, అంటే పింఛను, మిగిలింది. నెలకి 11 రూపాయల 10 అణాల చిల్లర! అందులోనూ పేచీలు పెట్టారు. 1846లో ఆయన కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న అదే కోవెలకుంట్లలో, జనం చూస్తుండగా ఉరి తీశారు. సిపాయిల తిరుగుబాటుకి పదేళ్ళ ముందు మాట ఇది.

ఆ నరసింహారెడ్డిగా గుర్రమెక్కి కత్తి తిప్పినప్పుడు చిరంజీవిగారి వయసెంతో గుర్తుందా? సినిమా విడుదలనాటికి 64 నిండాయి! సురేందర్ రెడ్డి దర్శకత్వంలో యుద్ధ దృశ్యాలు తియ్యడానికి జార్జియా దాకా వెళ్ళారు. ఆ బరువు దుస్తులు, ఆ రాత్రి షూటింగులు, ఆ గుర్రాలు… నేనైతే ఆ దుస్తులు తొడుక్కునేసరికే ఇంటర్వెల్ అనేవాణ్ణి.

'ఈ మనుషులకి అంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?' ఉయ్యాలవాడలో దిగేటప్పుడు నా బుర్రలో ఉన్న ప్రశ్న ఇదొక్కటే.

గూట్లో ఫోను

మా చెల్లెలి మామగారు డెబ్భై ఆరేళ్ళ రైతు. నాకూ మామే. మొదటిరోజు రాత్రి ఏడున్నరకే భోజనాలైపోయాయి. తొమ్మిది కాకముందే మామ తన ఫోను తీసి గోడ గూట్లో పెట్టి, "అల్లుడా, నీది గూడా ఈడ పెట్టు" అన్నాడు.

"అలారం పెట్టుకోవాలి కదా మామా!"

"అలారం యాలకు? నేను లేపుతా లే."

మొహమాటానికి పెట్టాను. పెట్టిన అరగంటకే అరచెయ్యి దురద! చెయ్యి దానంతటదే దిండు కింద వెతుకుతోంది. చుట్ట మానేసినవాడు జేబు తడుముకున్నట్టు! ఎప్పుడో పన్నెండింటికి నిద్రపట్టింది.

చీకటి చీకటిగా ఉండగానే భుజం మీద చెయ్యి పడింది.

"అల్లుడా, లెయ్. మబ్బున్నే లేస్తే నువ్వు పొద్దు మీద కూచుంటావు. ల్యాకుంటే పొద్దొచ్చి నీ మీద కూచుంటాది."

'మబ్బున్నే' అంటే మేఘాలని కాదు సుమా! రాయలసీమలో తెల్లవారుజాము చీకటిని 'మబ్బు' అంటారు. గడియారం చూశాను. నాలుగూ నలభై! హైదరాబాదులో నాకు ఆ టైము తెలుసు. కాకపోతే అటువైపు నుంచి.

మామ ముందు చెంబెడు నీళ్ళు తాగాడు. గొడ్ల కొట్టంలోకి వెళ్ళి ఎనుముకి కుడితి పెట్టాడు. ఇంత చొప్ప వేశాడు. తువ్వాలు భుజాన వేసుకుని చేనివైపు నడిచాడు. వెనక నేను కాళ్ళీడ్చుకుంటూ! తిరిగొచ్చేసరికి పొద్దెక్కింది. అత్త జొన్నరొట్టె, గోంగూర, ఊరిబిండి పెట్టింది. తర్వాత పని. మధ్యాహ్నం తిన్నాక వేపచెట్టు కింద నులకమంచం మీద అరగంట కునుకు. అరగంటే! "పైటాల నిద్ర ఉప్పు మాదిరి. శానా యేస్తే కూర చెడతాది" అని మామ సిద్ధాంతం. సాయంత్రం రచ్చకట్ట దగ్గర నాలుగు కబుర్లు. చీకటిపడగానే భోజనం. గూట్లో ఫోను.

ఇంతే! రోజూ ఇదే రీలు. ఒక్క షాటు కూడా మారదు.

రెండోరోజు సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను. "మామా, మీకు విసుగు పుట్టదా? రోజూ ఒకేలా…"

"పొద్దు రోజూ ఒగే పక్క పొడుస్తాది. దానికి ఇసుగు పుట్టిందా?"

ఎదురు ప్రశ్న వేస్తే మన దగ్గర జవాబుందా? లేదు.

పెరుగన్నం రహస్యం

నేను ఊరుకుంటానా! సినిమావాణ్ణి కదా, మన తారల కథలు తీశాను. రచ్చకట్ట మీద మంచి గిరాకీ.

రామారావుగారి సంగతి చెప్పాను. తెల్లవారకముందే లేవడం, వ్యాయామం, తన మేకప్ తనే వేసుకోవడం, చెప్పిన టైముకి సెట్లో ఉండటం. 'నర్తనశాల' (1963)లో బృహన్నల వేషం కోసం వెంపటి చినసత్యంగారి దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. అప్పటికే పెద్ద హీరో! కాల్షీట్ల కోసం నిర్మాతలు గుమ్మంలో నిలబడే రోజులు. అయినా కాళ్ళకి గజ్జెలు కట్టి కొత్త విద్యార్థిలా సాధన చేశారంటే, ఆ గంట ఎక్కడినుంచి వచ్చింది? తెల్లవారుజాములోంచే కదా!

'దానవీరశూరకర్ణ' సంగతి సరేసరి. 1977 సంక్రాంతికి వచ్చింది. దర్శకుడూ ఆయనే, నిర్మాతా ఆయనే, పైగా కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, మూడు వేషాలూ ఆయనే. ఇంచుమించు నాలుగు గంటల సినిమా. షూటింగు 43 రోజులు! కిరీటం మార్చి, నడక మార్చి, గొంతు మార్చి… ఒక్కరోజు బద్ధకిస్తే మూడు పాత్రలూ ఆగిపోతాయి. అప్పటికాయన వయసు 53. అవునండీ, ఇప్పుడు నా వయసు!

తర్వాత నాగేశ్వరరావుగారు. ఇక్కడో తమాషా ఉంది. 'దేవదాసు' (1953)లో ఆయన తాగుబోతు కళ్ళు చూసి, నిజంగానే తాగి నటించారని అనుకున్నవాళ్ళున్నారు. అదేం కాదట. రాత్రి కడుపు నిండా పెరుగన్నం తిని షూటింగుకి కూర్చునేవారు. ఆ నిద్రమత్తుకి కళ్ళు వాటంతటవే వాలేవి. ఈ మాట ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు.

ఇది చెప్పగానే మామ తొడ చరిచి నవ్వాడు. "సూసినావా అల్లుడా! నువ్వు పైటాల మూడు గంటలకు బిర్యానీ తిని దేవదాసు మాదిరి కూచుంటే, ఆ ముసలాయప్ప నిన్ను నిద్రపోతాండావా అని అడగకుంటే ఇంకేం అడుగుతాడు?"

రచ్చకట్ట మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపల ఎక్కడో తగిలింది. ఆయన వేషం కోసం తెచ్చిపెట్టుకున్న మత్తుని, నేను ఏ వేషమూ లేకుండా రోజూ తెచ్చుకుంటున్నాను!

నాగేశ్వరరావుగారి కథలో అసలు మలుపు దేవదాసు కాదు. 1974లో ఆయనకి అమెరికాలో గుండె ఆపరేషన్ జరిగింది. అప్పటికి యాభై ఏళ్ళు. ఇక నటించరనుకున్నారు కొందరు. ఆయన మాత్రం తిండికి హద్దు పెట్టుకుని, అలవాట్లు దిద్దుకుని, నడకని నమ్ముకుని మళ్ళీ మేకప్ వేసుకున్నారు. ఆ తర్వాత ఎన్నేళ్ళు? 2014 జనవరి 22న కన్నుమూసేదాకా, ఇంచుమించు నలభై ఏళ్ళు! చివరి రోజుల్లో జబ్బుతో ఉండి కూడా 'మనం' సినిమాకి తన డబ్బింగు తనే చెప్పుకున్నారు.

పక్కూరి లెక్కల మాస్టారు

"మనూరోళ్ళ సంగతి సెప్పు సార్" అన్నాడొక కుర్రాడు.

చెప్పకుండా ఎలా ఉంటాను! ఆళ్ళగడ్డకీ నంద్యాలకీ మధ్య శిరివెళ్ళ ఉంది. జయప్రకాష్ రెడ్డిగారి సొంత ఊరు. తెర మీద సీమ యాసకి ఆయన తెచ్చిన బిగువు ఇంకెవరు తెచ్చారు? 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో సినిమాల్లోకి వచ్చారు. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి'. ఆ గొంతు వింటే హాల్లో వెనక బెంచీ కూడా సర్దుకు కూర్చునేది. అంత భయంకర విలన్ అసలు వృత్తి ఏమిటో తెలుసా? లెక్కల మాస్టారు!

కానీ నేను ఆయన్ని తలుచుకునేది ఆ విలన్ వేషాల కోసం కాదు. 'అలెగ్జాండర్' నాటకం కోసం. సుమారు వంద నిమిషాల నాటకం. రంగస్థలం మీద ఆయన ఒక్కరే! ఇంకో పాత్ర లేదు. మాట మరిచిపోతే అందించే తోటి నటుడు లేడు. సినిమాలా 'వన్ మోర్' లేదు. అరవై దాటిన మనిషి, సినిమాల్లో నాలుగు సీన్లు చేసి డబ్బు తీసుకుని హాయిగా ఇంట్లో కూర్చోగలిగిన మనిషి, ఊరూరా తిరిగి ఆ వంద నిమిషాలూ ఒంటరిగా మోశారు. 2020 సెప్టెంబరు 8న ఆయన గుంటూరులో పోయారు. ఆ వార్త మా పత్రికకి రాసింది నేనే.

ఒక్కసారి ఆలోచించండి. వంద నిమిషాల సంభాషణ ముందురోజు రాత్రి కూర్చుని బట్టీపడితే వచ్చేదా? వేదిక మీద వంద నిమిషాల వెనక ఇంట్లో ఎన్ని వందల పొద్దులున్నాయో! లెక్కల మాస్టారికి ఆ లెక్క తెలుసు. రోజూ ఒక లెక్క చెయ్యనివాడు పరీక్షనాడు వంద చెయ్యలేడు.

ఇదంతా నేను ఊపుగా చెబుతుంటే మామ తల అడ్డంగా ఊపాడు.

"వాళ్ళు పెద్దోళ్ళు అల్లుడా. ఓపిక ఉండాది, సేసినారు. ఓపిక లేనోని సంగతి ఏంది? అది సెప్పు."

నేను చప్పున ఆగిపోయాను. నా ప్రశ్న ఆయన నోట వచ్చింది!

నాలుగోరోజు దొంగతనం

మూడు రోజులు బాగానే గడిచాయి. ఒళ్ళు తేలికైంది కూడా. నాలుగోరోజు రాత్రి ఒక పెద్ద సినిమా టీజరు వస్తుందని తెలిసింది. అందరూ పడుకున్నాక మెల్లిగా లేచి గూట్లోంచి ఫోను తీశాను. మేడ మీద కూర్చుని టీజరు చూశాను. నిమిషంన్నర! దాని మీద వచ్చిన మాటలు చూస్తూ కూర్చున్నది… రెండున్నర గంటలు!

పొద్దున మామ లేపితే లేవలేదు. ఎనిమిదింటికి లేచేసరికి తల దిమ్ము. ఆరోజంతా చిరాకు, పనికిమాలిన కోపం. రాయబోతే రెండో వాక్యం రాదు. హైదరాబాదు మొత్తం సంచీలో పెట్టుకుని తెచ్చుకున్నట్టయింది. మామ ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం చేనిగట్టు మీద కూర్చోబెట్టుకుని తన కథ చెప్పాడు. ఎనిమిది రోజుల్లో నేను సంపాదించింది ఇదొక్కటే అనుకున్నా నాకు నష్టం లేదు.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. శనగలు పండించి, ధర వస్తుందని గోదాములో పెట్టాడు. ధర రాలేదు. పైపెచ్చు దిగింది. గోదాము అద్దె, అప్పు మీద వడ్డీ, రెండూ పెరిగాయి. ఒకరోజు పొద్దున ఆయన మంచం మీంచి లేవలేదు.

"జరమా మామా?"

"జరం గాదు, ఏం గాదు. లేయబుద్ది గాలే. ఓపిక వచ్చినాక లేద్దామని పండుకున్న్యా. నెల దినాలు పండుకున్న్యా అల్లుడా. అది రాలే. మీ అత్త నంద్యాలకు పిల్చకపోయె. డాక్టరు మాత్రలిచ్చినాడు. అవి మింగుతాండ్య. అయినా లేయబుద్ది గాలే. ఒగనాడు మబ్బున మీ అత్త వచ్చి, 'నువ్వేం సేయొద్దులే. సేనికి పోవద్దు, ఎవరితో మాట్లాడొద్దు. ఎనుముకు ఇంత కుడితి పెట్టి, మల్లా వచ్చి పండుకో' అనె. అంతే కదా అని లేసినా. ఎనుము నా పక్క సూసె. కుడితి పెట్టి, వచ్చి పండుకున్న్యా. మర్నాడు గూడా అంతే. మూడోనాడు గూడా అంతే. నాలుగోనాడు కుడితి పెట్టినాక… పండుకోబుద్ది గాలే."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"అప్పు?"

"మూడేండ్లు పట్టె. తీరిపాయె. గానీ అల్లుడా, ఒగటి తెలిసె నాకు. ఓపిక ముందర వచ్చి, పని ఎనకాల రాదు. పని ముందర పోవాల. ఓపిక దాని ఎనకాల దూడ మాదిరి వస్తాది."

చూశారా! నేను ఎన్నాళ్ళుగానో తిరగేసి పట్టుకున్న ముక్క ఇది. 'ఓపిక రానీ, రాద్దాం. మూడ్ రానీ, నడుద్దాం' అనుకుంటూ కాఫీలు తాగాను. మామని లేపింది పౌరుషమూ కాదు, ఉపన్యాసమూ కాదు. ఒక బక్కెట్ కుడితి! రోజూ అదే వేళకి, ఎంత నీరసంగా ఉన్నా చెయ్యగలిగినంత చిన్న పని. రామారావుగారి తెల్లవారుజామూ, నాగేశ్వరరావుగారి నడకా, మాస్టారి వంద నిమిషాలూ ఎక్కడో ఇలాంటి బక్కెట్ తోనే మొదలై ఉంటాయి కదా! మనకి తెర మీద చివరి రీలే కనిపిస్తుంది.

ఈ ఊరికి ఆ సంగతి పాతదేనేమో. ఇదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారుండేవారు. 1866 కరువులో ఆకలితో వచ్చినవాళ్ళకల్లా గంజి పోయించిన మహానుభావుడు. విక్టోరియా మహారాణి బంగారు పతకం పంపింది. జనం పాటలు కట్టుకున్నారు. పతకం ఒకరోజు వచ్చింది. గంజి మాత్రం రోజూ కాయాలి! నిన్న పోశాం కదా అని ఈరోజు పొయ్యి ఆర్పితే వాకిట్లో నిలబడ్డవాడు ఏమైపోవాలి?

ఉలికి పదును

ఆరోజు నుంచి నాకు నేను ఒక 'కుడితి బక్కెట్' పెట్టుకున్నాను. లేవగానే, ఫోను ముట్టుకోకముందే, ఒక్క పేజీ రాయడం. బాగుండనీ, బాగుండకపోనీ.

ఆరోరోజు ఆళ్ళగడ్డ వెళ్ళాను. అక్కడి శిల్పుల పేరు వినని వాళ్ళుండరు. రోడ్డు పక్కనే రాళ్ళు, టకటకమని సుత్తి చప్పుడు. ఒక నడివయసు శిల్పి దేవతామూర్తి కన్ను చెక్కుతున్నాడు. కోతలకి మిషన్లు వచ్చాయి గానీ కన్ను, ముక్కు, పెదవి దగ్గరికొచ్చేసరికి చెయ్యీ ఉలీ తప్పదట. ఆయన పక్కన వరసగా ఉలులు.

"పొద్దున్నే పదును చూసుకోకుండా రాయి ముట్టుకోం సార్" అన్నాడు. "మొద్దు ఉలితో కొడితే బలం రెండింతలు పడుతుంది, పని సగమవుతుంది. పైగా రాయి పగులుతుంది."

ఫోను ఏదని అడిగాను. దూరంగా చెట్టుకి తగిలించిన సంచీ చూపించాడు.

"కన్ను చెక్కేటప్పుడు అది మోగితే చెయ్యి అదురుతుంది. ముక్కు పోతే రాయి పోయినట్టే."

నేను రాస్తూ రాస్తూ ఎన్నిసార్లు ఫోను చూసుకుంటానో తలుచుకుంటే సిగ్గేసింది. అలా చూసుకున్న ఒక సందులోనే ఒక హీరోయిన్ ఇంకో సినిమాలోకి దూరిపోయింది! మొద్దు ఉలి, అదిరిన చెయ్యి. నా రాతకి అయింది అదే.

కాఫీ సంగతి కూడా ఒక మాట. మా డాక్టరు చెప్పినప్పుడు చెవిన పెట్టలేదు గానీ, తాగిన కాఫీలో సత్తువ సగానికి తగ్గడానికే ఇంచుమించు అయిదారు గంటలు పడుతుందట. అంటే సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండింటికి కూడా సగం మన ఒంట్లోనే కూర్చుని 'ఇంకో రీలు, ఇంకో రీలు' అంటూ ఉంటుంది. పెద్దవాళ్ళకి రాత్రి కనీసం ఏడు గంటల నిద్ర కావాలంటున్నారు వైద్యులు. నేను నాలుగున్నరతో నెట్టుకొస్తూ, మిగతాది కాఫీ దగ్గర అప్పు చేస్తున్నాను. మామ అప్పు మూడేళ్ళలో తీరింది. నాది వడ్డీ మీద వడ్డీ!

మళ్ళీ అదే గుమ్మం

ఎనిమిదోరోజు బయల్దేరుతుంటే అత్త జొన్నరొట్టెలు మూటకట్టింది. మామ బస్సు దాకా వచ్చాడు. "ఆడ ఎనుము యాడుంటాది నీకు! ఏదో ఒగటి సూసుకో" అన్నాడు.

తిరిగొచ్చి రెండు నెలలైంది. అన్నీ మారిపోయాయని చెబితే మా ఇంట్లోవాళ్ళు ఈ వ్యాసం చదివి నవ్వుతారు. నాలుగున్నరకి లేవలేకపోతున్నాను. సినిమావాళ్ళ ఫంక్షన్లు రాత్రి పదింటికి గానీ మొదలుకావు మరి! అలాంటి రాత్రి మర్నాడు పాడైపోతూనే ఉంది. బిర్యానీ పూర్తిగా మానలేదు. కాకపోతే ఎనిమిది కాఫీలు మూడయ్యాయి. సాయంత్రం నాలుగు దాటితే లేదు. రాత్రి ఫోను వంటింటి అలమర్లో పడుకుంటోంది. ఫంక్షన్ లేనినాడు పదిన్నరకి నేనూ పడుకుంటున్నాను. అన్నిటికీ మించి, లేవగానే ఆ ఒక్క పేజీ! ఈ రెండు నెలల్లో అది తప్పింది నాలుగైదు రోజులే. తప్పిన మర్నాడు మళ్ళీ బక్కెట్ పట్టుకుంటున్నాను. మీరు చదువుతున్న ఈ వ్యాసం అలా పేజీ పేజీగా పుట్టిందే. ఎడిటరుగారు చదివి ఏమీ అనలేదు. కంపోజింగుకి పంపించారు. ఆ 'లేకపోతే' ప్రస్తుతానికి వాయిదా పడ్డట్టే!

ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఎంత పడుకున్నా నీరసం తీరకపోతే, ఏ పనీ చెయ్యబుద్ధి కాని రోజులు వారాలైపోతే, అది బద్ధకమని మీరే తీర్పు చెప్పుకోకండి. డాక్టరుకి చూపించుకోండి. మామ కుడితి బక్కెట్టూ పట్టుకున్నాడు, నంద్యాల డాక్టరు మాత్రలూ మింగాడు. రెండూ నిజమే.

మొన్న మళ్ళీ ఆ సీనియర్ నటుడి ఇంటికి వెళ్ళాను. క్షమాపణ చెప్పబోతే వారించి, ఆగిపోయిన చోటునుంచే మొదలుపెట్టారు. మద్రాసు, బస్సు, నడక, మొదటి వేషం… రెండు గంటలు! ఒక్క మాట పోకుండా రాసుకున్నాను. మధ్యలో అడిగాను, "ఈ వయసులో ఇంత గుర్తెలా ఉంటుందండీ?" అని. "రోజూ పొద్దున ఒక పద్యం పైకి చదువుకుంటాను. అరవై ఏళ్ళ అలవాటు" అన్నారు తేలిగ్గా. ఆయన ఎనుము అదన్నమాట!

లేవబోతుంటే, "కాఫీ తెప్పించనా?" అన్నారు.

"వద్దండీ, సాయంత్రం అయిదు దాటింది."

పెద్దాయన నావైపు ఒక్కక్షణం చూసి, పకపకా నవ్వారు.

"అయితే నాకూ వద్దు. ఈసారి నేను నిద్రపోతే మీరు లేపాలి!"